పట్నానికి రెండు టికెట్లు

ఏవండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తినండి. తిన్నాక గ్యాస్ కట్టేయండి. వాన వచ్చేలా ఉంటే మేడమీది బట్టలు తీయండి. నేనూ, ఎదురింటి టైలరమ్మా రైల్లో పట్నం వెళ్తున్నాం. ఆదివారం వచ్చేస్తాం.

“ఈవిడ నేను లేకుండా రైలెక్కితే తప్పిపోతుంది” అని మొన్న మీ అక్కయ్య ముందు నవ్వారు. పెళ్లయిన దగ్గర్నుంచీ స్టేషన్లో కూర్చుని ఊళ్లోవాళ్లందరికీ టికెట్లు కొట్టి ఇస్తున్నారు, నాకు ఒక్కటి కొట్టారా? అడిగితే “చూద్దాంలే” అంటారు. చూసీ చూసీ నా కళ్లు కాయలు కాశాయి. అందుకే నిన్న నేనే వెళ్లి లైన్లో నిలబడ్డాను.

తా.క. నిలబడింది మీ కౌంటర్ దగ్గరే. “చిల్లర లేకపోతే పక్కకు జరగండి” అన్నారు. ఉన్న చిల్లరంతా ఏరి ఇచ్చాను, టికెట్లు ఇవతలికి తోశారు. తలెత్తి మాత్రం చూడలేదు.