శాంతరాజుగారు తిన్న రొట్టెముక్క

కృష్ణానగర్, బుధవారం

అమ్మకు,

నేను క్షేమం. షూటింగులో గొడవపడ్డానని చెల్లి జాయ్స్ నీకు మోసేసిందటగా. ఫోనులో అయితే సగం వినకుండానే తిడతావని కార్డు రాస్తున్నాను.

నిన్న జూబ్లీహిల్స్ బంగళాలో విందు సీను, సామాన్లు సర్దే పని నాది. పళ్లెంలో కాల్చిన రొట్టెముక్కలు, వాటి మీద టమాటా, ఇటలీ వాళ్ల తిండి. పళ్లెం పట్టుకున్న జూనియర్ ఆర్టిస్టు శాంతరాజుగారు ఆకలికి ఆగలేక ఒకటి తినేశారు. పెద్ద నటుల భోజనాలయ్యాకే కదా వాళ్ల బంతి! అప్పటికే ఆరు ముక్కలూ షాట్‌లో పడ్డాయి, ఒకటి తగ్గితే మిగతా సీను దానికి అతకదు. మేనేజర్ రాములుగారు ఆయన్ని రేపట్నుంచి రావద్దన్నారు. పళ్లెం మోసేవాడికి ఆకలుండదా అని నేను కరపత్రాల్లో చదివిందంతా అరిచాను.

"ఉపన్యాసం బంద్ జెయ్యి తమ్మీ. పొద్దుగాల గసొంటియే ఆరు తెస్తవా, పెద్దాయన్ని పొమ్మంటవా?" అన్నారు రాములుగారు.

తెస్తానని చెప్పి గదికొచ్చాను. ఈ పొద్దున పెనం మీద రొట్టె కాల్చి, వేడిగా ఉండగానే వెల్లుల్లి రుద్ది, టమాటా, ఉప్పు, నూనె కలిపి పెట్టాను. రెండుసార్లు నాని మెత్తబడింది. టమాటా నీరు పిండెయ్యాలని మూడోసారికి తెలిసింది. షాట్ అయింది, శాంతరాజుగారి పని పోలేదు. ఆయనకని విడిగా చేసినవి ఇస్తే, "పచ్చడికి పోపు మర్చిపోయావురా బ్లెస్సన్" అంటూనే నాలుగూ తినేశారు.

నీ టమాటా పచ్చడి ఒక సీసా పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? మందు మానలేదుగా?

నా కోపం తగ్గాలనే ప్రార్థన కొన్నాళ్లు ఆపమ్మా. అందరికీ ఒకే బంతిలో భోజనం పెట్టించమని చెయ్యి, కోపం దానంతటదే తగ్గుతుంది.

బ్లెస్సన్