చిలుక ఆరు కె

కంట్రోల్ టవర్ పెద్దగారికి నమస్కారం.

మా అమ్మాయి పైలట్. సాయంత్రం మీ దగ్గర దిగే 618లో కో-పైలట్‌నని చెబుతోంది. నెల రోజులుగా డాబా మీద చిన్న రేడియో పెట్టుకుని మీవాళ్ల మాటలు వింటున్నాను. 618 అన్న మాట ఒక్కసారీ వినపడలేదు. ఉద్యోగం పోయి, మాకు చెప్పలేక, రోజూ యూనిఫాం వేసుకుని ఎక్కడైనా కూర్చుని వస్తోందేమోనని నా భయం. దాన్నే అడుగుదామంటే, అమ్మ నన్ను నమ్మలేదని బాధపడుతుంది. అసలు ఆ విమానం ఉందా?

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.
618 తల్లి

తా.క. ఆ యూనిఫాం ఇస్త్రీ చేసేది నేనే. అబద్ధానికి ఇస్త్రీ చేస్తున్నానేమోనని చెయ్యి ఆడటం లేదు.

---

అమ్మా, నమస్కారం.

618 ఉంది, నిక్షేపంగా దిగుతోంది. ఆ నంబరు టికెట్టుకీ ప్రయాణికులకీ. రేడియోలో ఒక్కో కంపెనీకి ఒక్కో పిలుపు పేరు ఉంటుంది. మీ అమ్మాయి కంపెనీది ‘చిలుక’. పైగా అదే వేళకు వాళ్లదే 681 కూడా వస్తుంది. రెండూ చెవికి ఒకేలా ఉంటాయి. ఒకరిని పిలిస్తే ఇంకొకరు దిగారంటే కొంప మునుగుతుంది. అందుకే 18 బదులు ఒక ఇంగ్లిషు అక్షరం పెట్టి, 618ని ‘చిలుక ఆరు కె’ అని పిలుస్తాం.

విధేయుడు,
టవర్ పర్యవేక్షకుడు

తా.క. ఇంకో కంపెనీ పేరు ‘కోడి’. వాళ్ల అమ్మలెవరూ ఇంకా ఉత్తరం రాయలేదు.

---

అయ్యా,

ఆడపిల్లను చిలుకా అనడమేమిటి? నిన్న చెవులారా విన్నాను. మీవాడెవడో “చిలుకా, నెమ్మదిగా కిందికి రా” అన్నాడు. ఆ పిలిచే తీరు నాకు నచ్చలేదు. ఎవరండీ ఆ అబ్బాయి? పెళ్లయిందా?

ఇట్లు,
618 తల్లి

తా.క. కాకపోతే, ఏం చదివాడు?

---

అమ్మా,

ఆ అబ్బాయిని నేనే. వచ్చే ఏడు రిటైరవుతాను. చిలుక అంటే మీ అమ్మాయి కాదు, కంపెనీ. వాళ్లకు ముప్ఫై విమానాలున్నాయి, ఎవరు నడిపినా చిలుకే. గుబురు మీసాల పెద్దమనిషినీ చిలుకా అనే పిలుస్తాను. ఆయనా బుద్ధిగా దిగుతాడు.

విధేయుడు,
చిలుకల కాపరి

తా.క. మీ ఉత్తరం మా ఆవిడ చదివింది. మాది మేడ ఇల్లు. అప్పటినుంచి భోజనానికి “చిలుకా, నెమ్మదిగా కిందికి రా” అనే పిలుస్తోంది.

---

అన్నయ్యగారూ,

తొందరపడి మాట అన్నాను, క్షమించండి. కానీ నాలుగు సాయంత్రాలు విన్నాను. మీరు “చిలుక ఆరు కె” అని పిలిస్తే నాలుగుసార్లూ మగగొంతే పలికింది. విమానం ఉంది, పేరు ఉంది, మా అమ్మాయే లేదు. మనసు గట్టి చేసుకున్నాను, ఉన్నదున్నట్టు రాయండి. ఉద్యోగం పోతే పోయింది, దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుంటాను.

దేవుడి మీద భారం వేసిన,
ఒక తల్లి

తా.క. మీ జవాబు వచ్చేదాకా ఇస్త్రీ పెట్టె ముట్టను.

---

చెల్లెమ్మా,

విమానంలో పైలట్లు ఇద్దరు. ఒకరు నడుపుతుంటే, రేడియోలో మాట్లాడేది రెండోవారు. మీరు విన్న గొంతు కెప్టెన్‌ది, ఆయన్ను స్వయంగా అడిగాను. ఈ నెలంతా తిరుగు ప్రయాణం, అంటే మన 618, నడిపింది మీ అమ్మాయేనట. ఆమె గొంతు మీకు వినపడలేదంటే, నూట ఎనభై మంది ఆమె చేతుల్లో ఉన్నారన్నమాట. ఇక కంటినిండా నిద్రపోండి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య

తా.క. ఎందుకడుగుతున్నానో కెప్టెన్‌కు చెప్పక తప్పలేదు. “మాట్లాడటం తప్ప నాకింకే పనీ మిగల్చడం లేదండీ ఆ పిల్ల. మొన్న అంత గాలివానలో దించితే వెనక ఒక పసిపాప నిద్ర కూడా చెదరలేదు. వాళ్లమ్మకు రాయండి” అన్నాడు. రాశాను.