నిన్నటి చేప

భవానీపురం,
శుక్రవారం.

చిరంజీవి సింధూరిని మీ నాయనమ్మ నిండు నూరేళ్లు బతకమని దీవించి రాయించే ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఈ క్షేమం మాట నేను చెప్పకముందే పక్కింటి టీచరు రాజ్యలక్ష్మి గారు రాసేశారు. "ఉత్తరమంటే అలాగే మొదలవ్వాలి పెద్దింట్లమ్మ గారూ" అన్నారు. ఉండనివ్వమన్నాను. దాని సంగతి తర్వాత తేలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోనులో నీ మాట నా చెవికి సగమే ఎక్కుతుంది, కాగితం మీద పెట్టి మంచి పని చేశావు. మూడుసార్లు చదివించుకున్నాను. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాలు నెప్పి ఎప్పటిలాగే ఉంది. బుట్ట నెత్తికెత్తుకోవడం మానేశాను. రోడ్డు వారన బల్ల వేసుకుని కూర్చుంటే మీ నాన్న కాశీరావు పొద్దున్నే ఆటోలో చేపలు తెచ్చి దించుతున్నాడు. మీ అమ్మ హేమ నీకోసం ఎండురొయ్యల పొడి కొట్టింది. హాస్టల్ పిల్లలు కంపంటే ఆ డబ్బా నా పేరు చెప్పి వాళ్ల ముందే తెరువు.

ఇక అసలు సంగతి. నాకు అర్థమైనంత చెబుతాను, తప్పయితే దిద్దు. ఒంట్లో తిరిగే హార్మోన్‌ని కణంలో పట్టుకునేది ఒకటుంటుంది, దాన్ని రిసెప్టర్ అంటారు. దాన్ని వెతికి దానికే అంటుకునేది యాంటీబాడీ. కుందేలు రక్తం నుంచి తీసి సీసాల్లో అమ్ముతారు. అది అంటుకున్న చోట గోధుమరంగు తేలుతుంది. రంగు తేలితే రిసెప్టర్ ఉన్నట్టు. ఈ నమ్మకం మీద నువ్వు మూడేళ్లు బొమ్మలు తీశావు. మొన్న ఆ రిసెప్టర్ బొత్తిగా లేకుండా చేసిన కణాల మీద అదే సీసా మందు వేస్తే అక్కడా అదే రంగు వచ్చింది. ఆ ఒక్క బొమ్మ పక్కన పెట్టెయ్యమని మీ సారు అన్నారు. ఈ సోమవారం కాక ఆ పై సోమవారం పెద్దల ముందు నీ పని చూపించాలి. ఆ బొమ్మ చూపిస్తే మూడేళ్ల పనీ పోతుంది, దాచేస్తే పట్టా వస్తుంది. "నువ్వు చూస్తుండగా పట్టా పుచ్చుకోవాలని ఉంది నాయనమ్మా, ఏం చెయ్యను?" అని అడిగావు.

చదువు రానిదాన్ని ఇలాంటిది అడిగావేమిటా అని టీచరు గారు ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యమేమీ లేదు.

నువ్వు పుట్టకముందు మాట. చేప మొప్ప ఎత్తి చూస్తాం కదా, ఎర్రగా ఉంటే నేటిది, పాలిపోతే నిన్నటిది. ఒకరోజు తిరుపతిరావు అనే షావుకారు దగ్గర ఎర్రెర్రని మొప్పలు చూసి బుట్ట నిండా ఎత్తుకొచ్చాను. సాయంత్రానికి మూడిళ్ల ఆడవాళ్లు కూర గిన్నెలతో సహా నా గుమ్మంలో నిలబడ్డారు. కంపు! మొప్పలకి రంగు పూశాడు వాడు.

మర్నాడు వెళ్లి నేను మొప్పలు చూడలేదు. "నిన్న మిగిలిన చేప ఒకటి చూపించు షావుకారూ" అన్నాను.

"ఇవాళ్టివి నిగనిగలాడుతుంటే నిన్నటిది నీకెందుకే?"

"నిన్నటిదీ ఎర్రగానే ఉంటే నీ ఎరుపు ఎందుకు పనికొస్తుందని!"

పెట్టె నేనే తెరిచాను. అదీ ఎర్రగానే ఉంది. బజారంతా చూసింది. అప్పటినుంచి ఎవరి దగ్గరికెళ్లినా ముందు నిన్నటి చేపే అడిగేదాన్ని. "నిన్నటమ్మ వస్తోంది, పెట్టెలు మూయండ్రా" అని ఎగతాళి చేసేవాళ్లు. చేయనీ. రిసెప్టర్ లేని ఆ కణాలే నీకు నిన్నటి చేప.

మీ నాన్న ఇది విని, "వాళ్ల సారుతో గొడవెందుకమ్మా, పట్టా వచ్చాక చెప్పుకుంటుందిలే" అన్నాడు. "అమ్మేశాక చెబుతావురా కుళ్లిందని?" అన్నాను. లేచి బయటికి పోయాడు.

నిన్ను దాచొద్దని చెప్పాలంటే ముందు నేను దాచింది చెప్పాలి. నేను క్షేమంగా లేనమ్మా. వానాకాలంలో ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. సిగ్గు, భయం, రెండూ. వీపు రుద్దుతూ మీ అమ్మ చూసి కేకలేసింది. గవర్నర్‌పేటలో ఉషశ్రీ గారనే డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకి పంపింది. క్యాన్సరే. నీ చదువు చెడుతుందని మీ అమ్మానాన్నల చేత దుర్గమ్మ మీద ఒట్టు వేయించాను. తప్పు నాది, వాళ్ల మీద అరవకు.

"హార్మోన్ రిసెప్టర్ ఉందమ్మా, ఒక రకంగా మంచిదే. రోజుకో మాత్రతో గడ్డ తగ్గించి తర్వాత ఆపరేషన్ చేద్దాం" అంది డాక్టరమ్మ.

"ఉందని ఎలా తెలిసిందండీ?"

"రంగు వచ్చింది కదా."

"మరి నిన్నటి చేప ఏదండీ?"

మీ నాన్న తల పట్టుకున్నాడు. నేను ఊరుకోలేదు, తిరుపతిరావు కథంతా చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వి, మర్నాడు పిలిచి కంప్యూటర్లో చూపించింది. రిసెప్టర్ ఉందని ముందే తెలిసిన ముక్క ఒకటి, లేదని తెలిసిన ముక్క ఒకటి, నాది ఒకటి. మొదటిదానికి రంగుంది, రెండోదానికి లేదు, నాదానికి ఉంది. అప్పుడు మింగాను మాత్ర. మూడు నెలలైంది. గడ్డ సగానికి తగ్గింది.

నీ సీసా వేరే రకం రిసెప్టర్‌ది, ఇంకా రోగుల దాకా రాలేదు అని రాశావు. ఇవాళ రాలేదు. నీ బొమ్మలు నమ్మి రేపు ఎవరో తెస్తారు. రంగు చూసి నాలాంటిది ఎవతో మాత్ర మింగుతుంది. నాకు నిజం చెప్పే సీసా దొరికిందంటే, అబద్ధమాడే సీసాని ఎప్పుడో ఎవరో నలుగురిలో ఒప్పుకుని పారబోసి ఉంటారు. వాళ్లకి మాత్రం ఏళ్లు పోలేదా?

ఆ సోమవారం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టు. మీ సారు మొహం చూడకు, బొమ్మలు చూపించు. పట్టా ఆలస్యమైతే కానీ. నేను చూస్తాను. రోజూ మాత్ర మింగేది అందుకే.

వచ్చే నెల ఆపరేషన్. రా. కానీ ఆ పని కాకుండా రైలెక్కావో, తలుపు తియ్యను.

పైన ఉన్న ఆ క్షేమం మాట తీసేసి ఉత్తరమంతా వేరే కాగితం మీద శుభ్రంగా రాస్తానన్నారు టీచరు గారు. వద్దన్నాను. దాని మీద ఒక్క గీత గీయించాను. కింద ఉన్న మాట నీకు కనపడుతూనే ఉండాలి.

ఇట్లు,
గడ్డనీ, తప్పునీ ఇక దాచని
మీ నాయనమ్మ పెద్దింట్లమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)