చెయ్యి వదులైన నెల

ఫిబ్రవరి 4, 2019. సోమవారం

మా ఆవిడ జెమీమా పోయి ఇవాళ్టికి మూడు వారాల మూడు రోజులు. ఇన్నాళ్లూ డైరీ తెరవలేదు.

చర్చి స్త్రీల సమాజం సెక్రటరీ గ్రేస్ కుమారి వచ్చింది. ప్రార్థన చేసింది. తర్వాత అసలు సంగతి. ప్రభువు బల్ల మీదికి లేసు గుడ్డ అల్లి ఇస్తానంది కదండీ అక్క, ఈస్టరుకి పరవాలని అందరికీ చెప్పేశాం, ఎంతవరకు వచ్చిందో కాస్త చూస్తారా అంది. చూడక్కర్లేదు, నాకు తెలుసు. పువ్వులు తొంభై ఆరూ అయ్యాయి. ఆఖరి నాలుగు ఆస్పత్రి మంచం మీద అల్లింది. మంచి కాలక్షేపం అనుకున్నాను. ఇక వాటిని ఒకదానితో ఒకటి అతకడమే మిగిలింది.

సువార్త అతుకుతుందిలెండి, అంది గ్రేస్ కుమారి. నరసాపురంలో అతుకు పనికి సువార్త తర్వాతే ఎవరైనా.

ఏప్రిల్ 21 ఈస్టరు.

ఫిబ్రవరి 7. గురువారం

జెమీమాని సమాధి చేసిన పెట్టె లోపల కుట్టింది మిషను లేసు. నైలాను. అది రాయకుండా ఈ డైరీ ముందుకు సాగదు.

నలభై ఏళ్లు లేసు అల్లిన మనిషి. ఇంట్లో ఫ్రిజ్ మీద లేసు, టీవీ మీద లేసు, మంచినీళ్ల కుండ మీద లేసు. పెట్టె తెచ్చినవాళ్లకి ఏం తెలుస్తుంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. సువార్త ఊరుకోలేదు. మిషనరీల స్కూల్లో జెమీమాతో కలిసి లేసు నేర్చుకున్న మనిషి. పెట్టె అంచు పట్టుకుని వంగి, ఒసే జెమీమా, నీకిది తగిలించారేంటే అంది. ఆ ఒక్క మాటకి అక్కడున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు.

ఫిబ్రవరి 10. ఆదివారం

బూటు లేసు తెగింది. చెప్పులతో చర్చికి వెళ్లాను.

ఫిబ్రవరి 12. మంగళవారం

ముప్ఫై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. లేసు అన్న మాట ఎప్పుడూ డిక్షనరీలో చూడలేదు. ఇవాళ చూశాను. బూటు తాడు. దుస్తుల అంచు. సైనికాధికారి కోటు మీద బంగారు పట్టీ. కాఫీలో కలిపిన బ్రాందీ చుక్క. అన్నిటికంటే పాత అర్థం ఉచ్చు.

మా ఊళ్లో ఒకటే అర్థం. ఆడవాళ్ల మధ్యాహ్నాలు.

ఫిబ్రవరి 18. సోమవారం

ఇవాళ ఒక పని చేశాను. బిస్కెట్ల డబ్బాలోంచి పువ్వుల దండ తీశాను. ఏ పువ్వుకాపువ్వు అల్లగానే దారానికి గుచ్చి పెట్టుకుంది. ఆస్పత్రి వాసన. కత్తెరతో దండ తెంచి అన్నీ కుంకుడు రసంలో నానబెట్టాను. రెండు నీళ్లు జాడించి మేడ మీద తువ్వాలు పరిచి ఆరేశాను. కాకులు వచ్చాయి. గొడుగు వేసుకుని మధ్యాహ్నం దాకా కాపలా కూర్చున్నాను. మల్లెపూలలా తేలాయి.

ఈ మధ్య సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

ఫిబ్రవరి 20. బుధవారం

సువార్త వచ్చింది. పళ్లెం నిండా పువ్వులు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. దండేదండీ అంది. తెంచానన్నాను. గోడకి చేరబడి కూర్చుంది. లేసు ఊళ్లో పుట్టారు, లేసు ఇంట్లో అన్నం తిన్నారు, దండ తెంపకూడదని తెలీదా మేష్టారూ, అంతంతమంది పిల్లలకి ఏం చదువు చెప్పారో ఏటో అంది.

అప్పుడు చెప్పింది. ఏ మనిషి చెయ్యీ మొదట్నుంచి చివరిదాకా ఒక్కలా ఉండదట. బిగించి అల్లిన పువ్వు చిన్నగా వస్తుంది, వదులుగా అల్లింది పెద్దగా. అందుకని అతికేవాళ్లు దండ పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి తీసుకుంటారు. బిగుతూ వదులూ పక్కపక్కన పడితే గుడ్డ చదునుగా పరుచుకుంటుంది. దండ లేకపోతే వేలితో తెలుసుకోవాల్సిందే.

తెలుసుకుంది. రెండు గంటలు. ఒక్కో పువ్వునీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, నేలమీద వరస పేర్చింది. ఇయ్యి కిందటేడు ఈస్టరు అవగానే మొదలెట్టినయ్యండి, చూడండి ఎంత పొగరో దీనికి, సూది దూరదు అంది. ఇయ్యి ఎండల్లోవి, చెమట చెయ్యి అంది. నలభై మూడో పువ్వు దగ్గర ఆగింది. ఆ తర్వాతవి ఇంకా మెల్లగా చూసింది.

ఏమిటన్నాను.

ఇక్కణ్ణుంచి చెయ్యి వదులైందండీ. జెండా పండక్కి నేనొచ్చినప్పుడు ఇదే పువ్వు మీదుంది.

అంటే ఆగస్టు. జబ్బని తెలిసింది డిసెంబరులో కదా అన్నాను. సువార్త పువ్వుల్ని అదే వరసలో కొత్త దారానికి గుచ్చింది. పనుందండీ, ఎల్లొస్తాను అంది.

ఫిబ్రవరి 21. గురువారం. సాయంత్రం 4

కిందటేడాది డైరీ తీశాను.

ఆగస్టు 9. సాంబారులో ఉప్పు లేదు. చెప్పాను.

ఆగస్టు 19. జె. చర్చికి రానంది. నడుం నొప్పి. బామ్ రాసుకోమన్నాను.

సెప్టెంబరు 11. నేను వచ్చేసరికి జె. నిద్రపోతోంది. టీ నేనే పెట్టుకున్నాను. బాగా రాలేదు.

అక్టోబరు 5. జె. జాకెట్లన్నీ కుట్లు వేసి బిగుతు చేసుకుంటోంది. సన్నబడ్డావు, బాగున్నావు అన్నాను.

ఫిబ్రవరి 23. శనివారం

డిసెంబరులో డాక్టరు అన్న మాట: నాలుగు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే.

మార్చి 3. ఆదివారం

చర్చి అయ్యాక సువార్తని ఆపాను. నీకు ముందే తెలుసు కదా అన్నాను. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

సెప్టెంబరులో అడిగానండీ, అంది. ఏమే, పువ్వులు గంపల్లా వస్తన్నాయి, ఒంట్లో బాలేదా అంటే కడుపులో పోటంది. మేష్టారికి చెప్పవే అన్నాను. అడిగితే చెప్తాను అంది. నీకెందుకూ, నువ్వు నోరు మూసుకో అంది. మూసుకున్నాను. నాదీ తప్పే.

తర్వాత నా మొహంలోకి చూసి, మీరు అడగలేదా మేష్టారూ అంది. దెప్పిపొడుపు కాదు. తెలియకే అడిగింది.

మార్చి 4. సోమవారం

రోజూ నాలుగింటికి ఒకే గదిలో కూర్చునేవాళ్లం. నాకు పేపరు, తనకి లేసు. మధ్యలో మూడడుగులు.

మార్చి 12. మంగళవారం

గ్రేస్ కుమారి మళ్లీ వచ్చింది. పువ్వులు వదులయ్యాయన్న సంగతి ఆమె దాకా వెళ్లింది. ఏం ఫర్వాలేదండీ, ఆ వదులువి విప్పేసి అదే దారంతో మన సమాజం పిల్లల చేత అల్లించేస్తాను, పది రోజుల పని, ఎవరికీ తేడా తెలీదు అంది. ఒక్క కొస లాగితే చాలండీ, పువ్వంతా ఇట్టే ఊడొచ్చేస్తుంది అని చేత్తో లాగి చూపించింది.

డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె వెళ్లేదాకా దించలేదు.

మార్చి 13. బుధవారం

సువార్త ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఎవరిదో టేబుల్ క్లాత్ అతుకుతోంది. పువ్వుల్ని కలపొద్దు అన్నాను. దండలో ఉన్న వరసలోనే, ఒకటి నుంచి తొంభై ఆరు దాకా అతకాలి అన్నాను.

సూది ఆపింది. ఒక పక్క బిగుసుకుని ఇంకో పక్క అప్పడంలా లేస్తుందండీ అంది. లేవనీ అన్నాను. సువార్త చెయ్యి పడిపోయిందంటారు, ఈ వయసులో నాకా మాట కావాలాండీ అంది. నీ తప్పు కాదని నేనే చెబుతానన్నాను. ఏమని చెప్తారు, ఇదిగో ఇక్కణ్ణుంచి జబ్బండీ అని వేలెట్టి చూపిస్తారా అంది. చూపిస్తానన్నాను.

కోడి ఒకటి దారం ఉండ మీదికి వస్తే అదిలించింది. తర్వాత అంది. నాలుగు నెలలు పళ్ల బిగువున దాచుకుందండీ అది. కట్టుకున్నోడిక్కూడా చెప్పలేదు. దాన్ని తీసుకెళ్లి ఊరందరి ముందూ బల్ల మీద పరుస్తానంటారు. మీకు ఏడుపొస్తే ఏడవండి మేష్టారూ. దాన్ని మాత్రం విప్పి చూపించకండి.

టీ ఇచ్చింది. చల్లారిపోయింది.

మార్చి 14

ఏమీ లేదు.

మార్చి 20. బుధవారం

వారం ఆలోచించాను. వరసలో అతికించాలన్న పట్టుదల జెమీమా కోసం కాదు. నన్ను ఎవరైనా నిలదీయాలి. ఎవరూ నిలదీయడం లేదు. అందరూ కూరలు పంపిస్తున్నారు.

దండ తీసుకుని సువార్త ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా నలభై మూడో పువ్వు దగ్గర వేలు పెట్టి ఉంచాను. కలిపే అతుకు అన్నాను. తల ఊపింది. చేతులు కడుక్కుని వచ్చి కొంగుకి తుడుచుకుంది. నా వేలు తియ్యమంది. తీశాను. దండ పైనుంచి ఒకటి తీసింది. కిందనుంచి ఒకటి. మూడోదాని దగ్గర నేను లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 13. శనివారం

అయిపోయిందని కబురు. నేరుగా చర్చికి ఇచ్చెయ్యమన్నాను.

ఏప్రిల్ 21. ఈస్టరు. ఉదయం 11

ఆరాధన అయ్యాక అందరూ టీ, బన్నుల దగ్గరికి వెళ్లారు. నేను బల్ల దగ్గరికి వెళ్లాను. గుడ్డ చదునుగా ఉంది. ఎక్కడా లేవలేదు. ఎక్కడా గుంజుకోలేదు. సువార్త చెయ్యి పడిపోలేదు.

అంచు దగ్గర మొదలుపెట్టాను. సువార్త చేసినట్టే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఒక్కొక్కటీ. పన్నెండు వరసలు, వరసకి ఎనిమిది. మూడో వరసలో ఒకటి వదులనిపించింది. పక్కది కూడా అలాగే అనిపించింది. మళ్లీ మొదటిది చూస్తే బిగుతుగా ఉంది. నలభై ఏళ్లు ఆ చేతి వంట తిన్నాను. నా వేళ్లకి ఏమీ తెలియలేదు.

పాస్టరు అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఎంత ఒద్దికైన పనండీ, ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ వెంట్రుకవాసి తేడా లేదు అన్నారు.

లేదండి, అన్నాను.

ఏప్రిల్ 22. సోమవారం

బల్ల గుడ్డ మీద ద్రాక్షరసం చుక్క పడిందని గ్రేస్ కుమారి ఫోన్ చేసింది. ఏ పువ్వు మీద అని అడిగాను. ఏ పువ్వైతే ఏముందండీ అంది.