పదిహేడు బొట్లు

కోకాపేట,
జూన్ 3.

బాలానగర్ వీరేశం పరుపుల కార్ఖానా యజమాని గారికి,

నమస్కారం. నా పేరు మౌనిక. కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో ఉంటాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే నా వృత్తి. కాబట్టి మీ పరుపులో తప్పు పట్టుకోవడానికి నాకు ఎక్కువ సేపు పట్టలేదు.

మీ వారంటీ కార్డు వెనక ‘ఫిర్యాదులు ఉత్తరం ద్వారానే చేయవలెను. ఫోనులో తిట్టరాదు’ అని అచ్చు వేశారు. బడి వదిలాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే.

నాకు ఒళ్ళంతా నొప్పి. మూడేళ్ళుగా. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు, అరికాళ్ళు. ఒకరోజు ఒకచోట ఎక్కువ, మర్నాడు ఇంకోచోట. పొద్దున లేచేసరికి ఎవరో నన్ను ఉతికి, పిండి, ఆరెయ్యడం మరిచిపోయినట్టు ఉంటుంది. ఎముకల డాక్టరు ‘నార్మల్’ అన్నాడు. నరాల డాక్టరు ‘నార్మల్’ అన్నాడు. రక్తం తీసినవాళ్ళకు లెక్కే లేదు, అదీ నార్మలే. ఒకాయన మాత్రం ‘పెళ్ళి చేసుకోండి, అదే పోతుంది’ అన్నాడు. ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ జయమ్మ ఫోన్ చేసి ‘ఎవురి దిష్టో తగిలింది మే’ అంటుంది. మా మేనేజరు శివశంకర్ గారు ‘నాకూ నడుం నొప్పే, నేను ఆఫీసుకి రావట్లేదా?’ అంటారు.

ఇంటి నుంచే పని చేస్తానని అడిగితే ఆఫీసువాళ్ళు కంప్యూటర్లో ఒక ఫారం పంపారు. అందులో ‘జబ్బు పేరు’ అని ఒక గడి ఉంది. ‘ఒళ్ళంతా నొప్పి’ అని రాస్తే ఎర్రబడి, ‘సరైన జబ్బు పేరు రాయండి’ అంటుంది. ఈ నెలాఖరులోగా ఆ గడి నింపకపోతే రోజూ తొమ్మిది గంటలు ఆఫీసు కుర్చీలో కూర్చోవాలి. అది నావల్ల కాదు. ఉద్యోగం వదులుకోవడమే.

మనిషిలో తప్పు లేదని డాక్టర్లందరూ తేల్చేశారు. ఇక మిగిలింది పరుపు. మర్యాదగా తప్పు ఒప్పుకుని మార్చండి.

ఇట్లు,
నిలబడి రాస్తున్న
మౌనిక

తా.క.: ఈ ఉత్తరం రాస్తుంటే కుడి బొటనవేలు కూడా మొదలుపెట్టింది. దానికీ మీ పరుపుదే బాధ్యత.

*

బాలానగర్,
జూన్ 6.

మౌనిక మేడంకు వీరేశం నమస్తే పెట్టి రాసేది,

పేరు చూస్తె మౌనిక, ఉత్తరం చూస్తె నాలుగు పేజీలు. గిదంత ఫోన్ల ఇని ఉంటె నేను బతకకపోదును. అందుకే కార్డు మీద గట్ల అచ్చేయించిన.

ముప్పై ఏండ్ల సంది దూది ఏకుతున్న మేడం. ఏకేటప్పుడు షెడ్డు నిండ దూది లేస్తది. కిటికీల కెల్లి ఎండ వడ్తె, ఆకాశంల మొగుల్ల నడుమ నిలవడ్డట్టే ఉంటది. ఆ టైంల నన్నెవలన్న పిలిస్తె పలుక గూడ బుద్ధికాదు. దూదిల ఒక్క గింజ మిగిలినా పండేటోళ్ళ కలలల్ల రాళ్ళు వడ్తయని మా నాయిన అంటుండె. నేనైతె గింజ ఉండనియ్య.

అయినా మీరు ఫికర్ చెయ్యకుండ్రి. మా కాడ ఒక పద్ధతి ఉన్నది. ఎవలన్న ఫిర్యాదు చేస్తె తెల్లగుడ్డ పంపుతం. దాన్ని పరుపు మీద పరిచి, దాని మీద పండి, యాడ నొస్తె ఆడ గుర్తు పెట్టాలె. తలకాయ దిక్కేదో, కాళ్ళ దిక్కేదో మాకు తెల్వాలె. మేము ఆ గుర్తులున్న కాడనే కుట్లు విప్పి చూస్తం. గుడ్డ ఆటోల పంపుతున్న. రేపు మాపట్ల అదే ఆటోల గుడ్డను, పరుపును వాపస్ పంపుండ్రి. అప్పటిదాంక పండనీకె వేరే పరుపు గూడ ఇస్తున్న.

మా ఇంటామె కనకలక్ష్మి మీ ఉత్తరం ఇని ‘ఆ పిల్ల అబద్ధం చెప్తలేదు’ అన్నది. మా కార్ఖానల ఉండి మీ దిక్కు మాట్లాడుతది. ఏం చేస్తం.

ఇట్లు,
పరుపు మీద నమ్మకమున్న
వీరేశం

తా.క.: మా ఇంటామెకు గూడ పదిహేనేండ్ల సంది రోజు ఏదో ఒక కాడ నొప్పే. పని చెప్తె ఎక్కువైతది. మీరు మనసుల పెట్టుకోకుండ్రి, ఆమె సంగతి చెప్పిన.

*

కోకాపేట,
జూన్ 7.

వీరేశం గారికి,

గుడ్డా, పరుపూ పంపుతున్నాను. నాతో ఉండే స్రవంతి, నేను పడుకుంటే చుట్టూ నల్ల మార్కరుతో గీత గీసింది, మీకు తల ఎటో తెలియాలని. నేను ‘ఇక్కడ’ అన్నచోటల్లా ఎర్ర బొట్టుబిళ్ళ అంటించింది. పదిహేడు అయ్యాయి. బిళ్ళలు అయిపోయాయి కానీ నొప్పులు అవలేదు.

డాక్టర్లందరూ ‘ఎక్కడ నొప్పి?’ అని అడిగి, నేను రెండోది చెప్పేలోపే చీటీ రాసేసేవారు. మొదటిసారి ఎవరో చివరిదాకా విన్నట్టుంది. విన్నది గుడ్డే అయినా సరే. మాత్రలు వేసుకున్నప్పుడు మధ్యాహ్నాలు ఒక మత్తు కమ్ముతుంది. కిటికీ బయట మేఘాలు క్రేన్లకు తగులుకుని ఆగిపోయినట్టు కనిపిస్తాయి. మీ దూది ఇక్కడిదాకా వచ్చిందేమో అనుకున్నాను.

ఇట్లు,
మౌనిక

తా.క.: గుడ్డ మీద పుచ్చకాయ ఆకారంలో ఉన్నది నా తలే. స్రవంతికి డ్రాయింగ్ రాదు.

*

బాలానగర్,
జూన్ 13.

మౌనిక మేడంకు,

కార్ఖాన మూడు దినాలు బంద్ అయింది. మీ గుడ్డతోనే.

మేము ముప్పై ఏండ్లల్ల బొగ్గు గుర్తులు చూసినం, పసుపు గుర్తులు చూసినం. మీ గుడ్డ విప్పంగనే మనిషి బొమ్మ, ఒంటి నిండ ఎర్ర బొట్లు. కుట్లేసే బాలు సూది ఆడనే పారేసి ‘అన్నా, ఎవలో చేతబడి చేసి పంపిన్రే!’ అనుకుంట ఒక్కటే ఉరుకుడు. పక్క లేత్ షాపోళ్ళు మిషన్లు ఆపి వచ్చి చూసి, వాళ్ళు గూడ ఉరికిన్రు. షెడ్డుకు తాళమేసి నిమ్మకాయలు కట్టినం. గుమ్మడికాయ కొట్టినం. చివరికి గుడి అయ్యగారిని తీసుకొస్తె ఆయన గేటు కాడనే నిలవడి చూసి, ‘అంటించే బిళ్ళలతో చేతబడి పనిచెయ్యదయ్యా, దానికి కుంకుమే ఉండాలి’ అని చెప్పి పోయిండు. అప్పుడు జర ధైర్యమొచ్చింది.

గంత లొల్లిల గూడ కనకలక్ష్మి ఒక్కతి పోయి ఆ గుడ్డ పక్కన కూసున్నది. ఒక్కొక్క బొట్టును వేలుతోని ముట్టి చూసింది. ‘చేతబడి లేదు, ఏం లేదు. ఇది ఆడపిల్ల ఒళ్ళు’ అన్నది. 

పదిహేడు కాడల విప్పి చూసినం. ఒక్క గింజ లేదు. అయినా దూదంత మళ్ళ ఏకి, నింపి పంపుతున్న.

ఇట్లు,
నిమ్మకాయల నడుమ కెల్లి
వీరేశం

తా.క.: మీ గుడ్డను మా ఇంటామె ఇంట్ల పెట్టెల పెట్టుకున్నది. ఎందుకే అంటె ‘నీకు తెల్వది’ అన్నది. చేతబడి నా మీద పనిచేస్తున్నట్టున్నది.

*

కోకాపేట,
జూన్ 17.

వీరేశం గారికి,

చేతబడి సంగతి చదివి నవ్వితే పక్కటెముకలు పట్టేశాయి. అయినా బాగుంది. నవ్వి చాలా రోజులైంది.

కొత్తగా నింపిన పరుపు మీద ఆదివారం మధ్యాహ్నం నిద్రపోయాను. కలలో మా టవర్ల మధ్య దూది నిండిపోయింది. మా టీమంతా అందులో లాప్‌టాప్‌లతో తేలుతున్నాం. శివశంకర్ గారు కూడా బోర్లా తేలుతూ ‘నాకూ నడుం నొప్పే’ అంటున్నారు. నాకు మాత్రం ఎక్కడా నొప్పి లేదు. మెలకువ వచ్చింది, నొప్పీ వచ్చింది.

పరుపు నిర్దోషి. క్షమించండి. కానీ ఆ మాట ఒప్పుకున్నాక నాకు చాలా భయం వేసింది. పరుపులో లేక, నాలో లేక, మరి ఈ నొప్పి ఎక్కడుంది? అందరూ అన్నట్టు నేనే ఊహించుకుంటున్నానా? ఆ పూట కూర్చుని ఏడ్చాను.

స్రవంతి వెతికి వెతికి, కీళ్ళవాతాలు చూసే డాక్టర్ రామ్మోహనరావు గారి దగ్గర ఇరవై నాలుగో తేదీకి టైం తీసుకుంది. నొప్పి ఉన్న చోట్లన్నీ గుర్తుపెట్టి తెమ్మన్నారట. మళ్ళీ పడుకుని బొట్లు పెట్టించుకునే ఓపిక నాకు లేదు. దయచేసి నా గుడ్డ పంపండి. నా నొప్పి నిజమని ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. ఆ గుడ్డ ఒక్కటే నాకు సాక్ష్యం.

ఇట్లు,
మౌనిక

తా.క.: కనకలక్ష్మి గారికి నా నమస్కారాలు. ఆమె ఇవ్వనంటే బతిమాలుతున్నానని చెప్పండి.

*

బాలానగర్,
జూన్ 20.

మౌనిక బిడ్డకు,

ఏడ్వకు బిడ్డా. కాగితం మీద ఎవలు రాసియ్యలేదన్నవ్ గద, నేను రాసిస్తున్న. మా కార్ఖాన లెటర్‌ప్యాడ్ మీద, గుండ్రం ముద్దర కొట్టి:

‘కోకాపేట నివాసి మౌనిక గారి నొప్పి నిజమైనదనియు, అందులో పరుపు దోషము లేదనియు, మనిషి మంచిదనియు ముప్పది సంవత్సరముల అనుభవముతో ధ్రువీకరించడమైనది.’

దీన్ని మీ ఆఫీసుల చూపెట్టు. ఇంకొకటి గావాలంటె ఇంకొకటి కొడ్త, ముద్దర నా దగ్గర్నే ఉంటది.

గుడ్డ గూడ పంపుతున్న. మా ఇంటామె మొదలు ఇయ్యనన్నది. డాక్టర్ కాడికి పోతదంటె మెత్తవడ్డది. తనే మడిచి, తనే కాగితంల చుట్టి, దారం కట్టింది. ‘డాక్టరు దీన్ని నిజంగ చూస్తడా?’ అని మూడుసార్లు అడిగింది. చూడక ఏం చేస్తడే అన్న.

ఇట్లు,
ముద్దరతో సహా
వీరేశం

తా.క.: జబ్బు పేరు గడిల ‘నార్మల్’ అని రాయరాదు? ఇంతమంది డాక్టర్లు నీకు గదే జబ్బని చెప్పిన్రు గద.

*

కోకాపేట,
జూన్ 26.

వీరేశం చిన్నాయనకు,

ఇకమీదట ఇలాగే పిలుస్తాను. మా ఊళ్ళో నాన్న తమ్ముణ్ణి అలాగే పిలుస్తాం.

రామ్మోహనరావు గారు నాతో నలభై నిమిషాలు మాట్లాడారు. నిద్ర పడుతుందా, లేచాక అలసట ఉంటుందా, మాటలు మరిచిపోతున్నానా, ఎన్నాళ్ళుగా అని అన్నీ అడిగారు. ఒళ్ళంతా నొక్కి చూశారు. పాత రిపోర్టులన్నీ తిరగేశారు. గుడ్డను మంచం మీద పరిపించి చాలాసేపు చూశారు. మీ ధ్రువపత్రం రెండుసార్లు చదివి, నవ్వకుండా ఫైల్లో పెట్టారు.

దీని పేరు ఫైబ్రోమయాల్జియా అట. ‘మీ నొప్పి నిజమమ్మా’ అన్నారు. నొప్పి కబురు మోసే నరాలు గొంతు పెంచేసి, చిన్నదాన్ని కూడా అరిచి చెబుతున్నాయట. అందుకే ఎక్స్‌రేలో పడదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నారు. తగ్గించుకోవచ్చన్నారు. ఒక మాత్ర, వేళకి నిద్ర, రోజూ కొంచెం కొంచెం నడక. అక్కడే ఏడ్చేశాను. జబ్బు ఉందని చెబితే ఇంత సంతోషపడ్డ మనిషిని చూడలేదని నర్సు అంది.

ఇంటికొచ్చి గడిలో ఆ పేరు కొట్టాను. పచ్చగా మారింది. ఆఫీసు ఒప్పుకుంది. రెండు రోజులుగా పొద్దున్నే మబ్బులో నడుస్తున్నాను. టవర్లు సగానికి పైన కనపడవు. నొప్పి నాతోనే నడుస్తుంది. కానీ ఇప్పుడు దానికొక పేరుంది, తిట్టుకోవడానికి వీలుగా ఉంది.

ఇట్లు,
మీ
మౌనిక

తా.క. 1: నేను పదిహేడు బొట్లే అంటించాననుకున్నాను. డాక్టరు గారు పందొమ్మిది లెక్కపెట్టారు. దారిలో రెండు పుట్టాయేమో.

తా.క. 2: గుడ్డ మీద బొమ్మను, నన్ను మార్చి మార్చి చూసి, ‘ఈమధ్య బాగా సన్నబడ్డారా?’ అన్నారు. మూడేళ్ళలో ఒక డాక్టరు నాతో అన్న మొదటి మంచి మాట.

*

బాలానగర్,
జూన్ 30.

బిడ్డా మౌనికా,

నీ ఉత్తరం అన్నం తినేటప్పుడు షెడ్డుల అందరి ముంగట గట్టిగ చదివిన. బాలు చప్పట్లు కొట్టిండు. మొదటి తా.క. చదివేసరికి, దిండ్ల గలీబులు కుట్టే వసంత నోట్ల ముద్ద నోట్లనే పెట్టుకుని మా ఇంటామె దిక్కు చూసింది. మా ఇంటామె టిఫిన్ డబ్బ దిక్కు చూసింది. నేను రెండో తా.క. గట్టిగ చదవలే, మడిచి జేబుల పెట్టుకున్న.

‘అన్నా, ఆ బొమ్మ గీసింది నేనే’ అన్నది వసంత.

ఇంటికి పోయి పెట్టె తెరిచి చూస్తె నీ గుడ్డ ఆడనే ఉన్నది, పదిహేడు బొట్లతోని. డాక్టర్ కాడికి పోయింది మా ఇంటామె గుడ్డ. మా కార్ఖాన గుడ్డలన్ని ఒక్క తీరే ఉంటయ్ గద. ఆమె నీ గుడ్డ చూసి, తనొక గుడ్డ మీద పండి, వసంతతోని గీయించుకుని, అసొంటి బిళ్ళలే అంటించుకున్నది.

‘ఎందుకే గిట్ల చేసినవ్? ఆ పిల్ల నౌకరి పోతుండె గద!’ అని మొత్తుకున్న.

ఆమె ఏమన్నదో చెప్తున్న, ఇను. ‘పదిహేనేండ్ల సంది నొస్తుందని చెప్తున్న. నన్ను దవాఖానకు తీసుకపోకపోతివి. నా గుడ్డన్న పోయి డాక్టర్‌ను చూసి రానీ అనుకున్న.’

నిజమే బిడ్డా. ముప్పై ఏండ్లు ఊరందరి పరుపులల్ల గింజలు ఏరిన. నా పక్కన పండే మనిషి నొస్తుందంటె పనిదొంగ అన్న. నీ నొప్పికి ముద్దర కొట్టి రాసిచ్చిన, ఆమెకు ఒక్క మాట ఇయ్యలే. సిగ్గైంది, బాగ ఏడుపొచ్చింది.

నీ జబ్బు పేరు తప్పు పడ్డదేమో అని భయమై డాక్టర్ గారికి ఫోన్ చేసి అంత చెప్పిన. ఆయన నవ్వి, ‘నేను గుడ్డను చూసి చెప్పలేదయ్యా, ఆ అమ్మాయిని చూసి చెప్పాను. నువ్వు ముందు ఆ గుడ్డ తాలూకు మనిషిని తీసుకురా’ అన్నడు. సోమవారం పొద్దుగాల పోతున్నం. నువ్వు గూడ వస్తవా?

ఇట్లు,
మీ చిన్నాయన
వీరేశం

తా.క.: కింద మా ఇంటామె ఏదో రాస్తనంటున్నది. నన్ను చూడొద్దన్నది.

ఇంకో తా.క.: బిడ్డా, నేను కనకలక్ష్మిని. ఆయన జేబుల దాచిన రెండో తా.క. నేను చదివిన. నేను లావున్నందుకే గద నీకు ఆ మంచి మాట దక్కింది, సంతోషం. డాక్టర్‌కు చూపెట్టనీకె కొత్త గుడ్డ గావాలని నిన్న ఆయనే పరిచిండు. ‘యాడ నొస్తున్నది?’ అని అడుక్కుంట ఒక్కొక్క బొట్టు తన చేతితోనే పెట్టిండు. పెండ్లినాడు పెట్టినంక మళ్ళ ఆయన నాకు బొట్టు పెట్టుడు గిదే. ఈసారి ఇరవై ఒకటి అయినయ్. సోమవారం డాక్టర్ అడిగితె నువ్వు నోరు మెదపకు. రెండు నొయ్యకున్నా చెప్పిన.