ఒగ్గేసిన ఇంటిపేరు

విజయనగరం, 2014 ఆగస్టు, మంగళవారం

నువ్వు అసూయతో కుళ్లిపోతున్నావు. ఈ డైరీ రాసేదీ చదివేదీ నువ్వొక్కడివే కాబట్టి మొహమాటం అక్కర్లేదు, ఒప్పుకో.

నా వ్యాసాలన్నీ ఇంటర్నెట్‌లో పెడదామని మా ఇంటిపేరు మీద సిరివలస డాట్ కామ్ కోసం వెతికితే, మా చిన్నాన్న కొడుకు రాంబాబు అప్పటికే తీసేసుకున్నాడు. కొత్తవలసలో ఎరువుల కొట్టు వాడిది. ఆ సైటు తెరిస్తే యూరియా బస్తాల మధ్య నవ్వుతూ వాడి ఫొటో. ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్న నాకు లేని చిరునామా, ఉత్తరం ముక్క రాయనివాడికి ఉంది.

ఇవాళ ప్లీడరు దగ్గరికెళ్లాను. "ఇంటిపేరు ఇద్దరిదీనండి. ముందు కొన్నది ఆయన, కొట్టు బోర్డు మీదా అదే ఉంది. మీ పుస్తకాల మీద ఆ పేరు ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

లేదు. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతోందని నేనే సభలో నిలబడి వదిలేశాను. చప్పట్లు కూడా కొట్టారు. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ...

సాయంత్రం రాంబాబుకి ఫోన్ చేసి దులిపేశాను. వాడు అంతా విని, "నువ్వు ఒగ్గేసిన పేరే కదేటి అన్నియ్యా, నానెత్తుకున్నాను. ఇప్పుడు నీకెందుకది?" అన్నాడు. ఎన్ని సభల్లో ఎంతమంది నోళ్లు మూయించాను! వాడికి మాత్రం "రేపు రాసి పంపుతాను" అని ఫోన్ పెట్టేశాను.

రేపు వాడికి రాయాల్సినవి:

ఆ పేరు బయటివాళ్లకి అమ్మకూడదు.
యూరియా బస్తాల కిందైనా సరే, నా వ్యాసాలకి ఒక పేజీ ఇవ్వాలి.
ఆ పేజీలో నా పేరు ఇంటిపేరుతో సహా వేయాలి.