తలుపు మీద మార్కులు

అక్కయ్యా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

హాస్టల్ పిల్లలకు పట్టుదల పెరుగుతుందని ప్రతి గది తలుపుకూ వాళ్ల మార్కులు అంటించాను. ఈ వార్డెనమ్మ తెలివి తెల్లారినట్టే ఉంది. మూడు పేపర్లు తప్పిన పిల్ల ఆ కాగితం కనపడకుండా తలుపును వరండాలోకి బార్లా తెరిచి గోడకు ఆనించేసింది. ఇంత చలిలోనూ వేసుకోదు. నిన్న కాగితం నేనే చింపేసి, "ఇక తలుపు వేసుకో తల్లీ" అన్నాను. "అందరూ చదివేశారుగా మేడమ్" అంది. పుస్తకం ముట్టుకోవడం లేదు. నాకేమీ పాలుపోవడం లేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని శాలువా పంపు, ఆ పిల్లకు. బావగారికి నమస్కారాలు.

నువ్వు పదో తరగతి తప్పిన ఏడాది నాన్న నా మార్కులు గోడకు అంటిస్తే మురిసిపోయాను. ఆ రోజు నీతో ఏ మాట అని ఉంటే బాగుండేదో రాయి.

నీ చెల్లి